పోస్టర్ అతికించే ముందు

(పరిశోధక విద్యార్థులు, యువ అధ్యాపకుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకు రండి, మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదట ఒక ప్రశ్న అడుగుతాను. గత ఏడాదిలో తమ పరిశోధన మీద ఎక్కడైనా పోస్టర్ పెట్టినవాళ్లు చేతులెత్తండి. చూడండి, దాదాపు హాలంతా లేచింది. సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ పోస్టర్ పెట్టే ముందు, ఇందులో పేటెంట్‌కి పనికొచ్చేది ఏమైనా ఉందా అని ఎవరినైనా ఒక్కమాట అడిగినవాళ్లు? ఒకటి... రెండు... అక్కడ మూలన ఇంకొకరు. మూడు చేతులు. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది మిగతా చేతుల కోసం.

అమెరికాలో జరిగిన ఒక కేసు చెబుతాను. 1998 అక్టోబరులో కొందరు పరిశోధకులు ఒక సదస్సులో తమ పని ప్రదర్శించారు. సోయా పీచును ప్రాసెస్ చేసి ఆహారంలో వాడే పద్ధతి అది. పద్నాలుగు స్లైడ్లు ప్రింట్ తీసి బోర్డుకి అతికించారు. రెండున్నర రోజులు ఆ బోర్డు అక్కడ ఉంది. తర్వాత ఒక యూనివర్సిటీ పరిశోధన కేంద్రంలో ఒక పూట పెట్టారు. అంతే. కాపీలు పంచలేదు. ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ఏ లైబ్రరీలోనూ చేరలేదు. రెండేళ్ల తర్వాత, 2000 అక్టోబరులో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. పేటెంట్ ఆఫీసు కుదరదంది. కోర్టుకి వెళ్లారు. 2004లో కోర్టు కూడా కుదరదనే చెప్పింది.

ఎందుకు కుదరదంది? ఆ బోర్డు ముందు నిలబడింది ఎవరు? ఆ రంగంలో ఆరితేరినవాళ్లు. ఎవరైనా నోట్ చేసుకోవద్దని అక్కడ రాసి ఉందా? లేదు. చూసి రాసుకోవడం కష్టమా? కష్టం కాదు. రెండున్నర రోజుల టైముంది. కాబట్టి అది లోకానికి చెప్పేసినట్టే లెక్క అంది కోర్టు. బోర్డుకి గుచ్చిన కాగితం కూడా ప్రచురణే అంది.

థీసిస్ సంగతి కూడా ఇలాంటిదే. జర్మనీలో ఫ్రైబర్గ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఒకే ఒక్క డాక్టరల్ థీసిస్ ప్రతి బీరువాలో ఉంది. క్యాటలాగులో దాని పేరు ఎక్కింది. ఎవరైనా తీసి చదివారో లేదో ఎవరూ చూపించలేదు. అయినా 1986లో ఒక అమెరికన్ కోర్టు, ఆ విషయం అప్పటికే బయట ఉన్నట్టే అని తేల్చింది. ఒక్క ప్రతి, ఒక్క బీరువా. ఇప్పుడు మన థీసిస్‌లు ఎక్కడున్నాయి? ఆన్‌లైన్‌లో, లోకంలో ఎవరు వెతికినా దొరికేలా.

పేటెంట్ ఇవ్వడానికి మూడు చూస్తారు. కొత్తదై ఉండాలి, ఆ రంగంలోవాళ్లకి ఇట్టే తట్టేది కాకూడదు, పనికొచ్చేదై ఉండాలి. చివరి రెండింటి మీద వాదించుకోవచ్చు, మాటలు మార్చి రాసుకోవచ్చు, సవరించుకోవచ్చు. మొదటిది అలా కాదు. కొత్తదనం ఒకసారి పోతే మళ్లీ రాదు. దాన్ని పోగొట్టేది కూడా చాలాసార్లు పోటీదారు కాదు. మనమే. మన పోస్టర్, మన వ్యాసం, అచ్చుకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టే మన ప్రీప్రింట్, సెమినార్‌లో మనం ఉత్సాహంగా చూపించిన ఆ చివరి స్లైడు.

కొన్ని దేశాలు కాస్త వెసులుబాటు ఇస్తాయి. అమెరికా, జపాన్, దక్షిణ కొరియాల్లో ఆవిష్కర్త తానే బయటపెట్టుకుంటే ఏడాది లోపల దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూరప్‌లో ఆ అవకాశం దాదాపు లేనట్టే. దరఖాస్తుకు ఒక రోజు ముందు చెప్పినా చెప్పేసినట్టే. కాబట్టి వెసులుబాటు ఉంది కదా అని దానిమీద కూర్చోకండి. అది అన్ని తలుపులూ తెరవదు.

మా ఆఫీసులో, అంటే యూనివర్సిటీలో పేటెంట్లు, లైసెన్సుల పని చూసే ఆఫీసులో, జరిగింది ఒకటి చెబుతాను. పేర్లు చెప్పను. ఒకరోజు సాయంత్రం, మేం లైట్లు తీసేసే వేళకి, ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో హార్డ్ బౌండ్ నోట్‌బుక్. రెండేళ్ల పని. నీళ్లలో ఉన్న ఒక లోహాన్ని చాలా తక్కువ మోతాదులో ఉన్నా పట్టేసే పూత తయారు చేసింది. నోట్‌బుక్ తెరిచి చూపించింది. ప్రతి పేజీకి నంబరు ఉంది, తేదీ ఉంది, కింద గైడు సంతకం ఉంది. తప్పు రాసిన చోట ఒక్క గీత గీసి కొట్టేసింది, వైటనర్ పూయలేదు. ఇంత శుభ్రమైన నోట్‌బుక్ నేను అరుదుగా చూశాను. అంతా చూసి నేను అడిగింది ఒక్కటే. "అమ్మా, ఇది ఎక్కడైనా బయటపెట్టావా?" "లేదు సార్, పేపర్ ఇంకా రివ్యూలోనే ఉంది." "అబ్‌స్ట్రాక్ట్?" కాసేపు మాట్లాడలేదు. సదస్సు వాళ్లు అబ్‌స్ట్రాక్టులన్నీ, అంటే పరిశోధనల సారాంశాలన్నీ, ముందే ఆన్‌లైన్‌లో పెట్టారు. పదహారు నెలలయింది. ఏడాది వెసులుబాటు ఉన్న చోట కూడా గడువు దాటిపోయింది. అందులో రెండు వాక్యాలున్నాయి. ఆ పూతలో ఏం కలిపిందో, ఎంత పాళ్లలో కలిపిందో ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

ఆ అమ్మాయి తప్పేమీ చేయలేదు. పరిశోధకురాలు చేయాల్సిన పనే చేసింది. ఫలితం వచ్చింది, పంచుకుంది. ఆ ఫారం నింపేటప్పుడు పక్కన ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఈ పాళ్లు ఇప్పుడే రాయకు, ముందు ఆఫీసులో ఒకసారి చూపించు" అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్కరు లేకపోవడం మా లోపం. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే ఎవరు పిలిచినా వెళ్లి ఈ మాట చెబుతున్నాను.

ఇప్పుడు ఒక అనుమానం వస్తుంది. రావాలి కూడా. "సార్, అంటే పరిశోధన దాచిపెట్టమంటారా? సైన్స్ అంటే పంచుకోవడం కదా?" నేను దాచిపెట్టమనడం లేదు. మళ్లీ చెబుతున్నాను, దాచమనడం లేదు. వరస మార్చమంటున్నాను. ముందు దరఖాస్తు, తర్వాత పేపర్. దరఖాస్తు పడిన మర్నాడు పోస్టర్ పెట్టుకోండి, వ్యాసం పంపండి, లోకమంతా చెప్పండి. చాలా దేశాల్లో ప్రొవిజనల్ దరఖాస్తు అనే పద్ధతి ఉంది. అన్నీ పూర్తిగా తేలకపోయినా, ఉన్నంతవరకు స్పష్టంగా రాసి తేదీ ఖాయం చేసుకోవచ్చు. పూర్తి దరఖాస్తుకి పన్నెండు నెలల టైముంటుంది. పైగా పేటెంటు రహస్యం కాదు. దరఖాస్తు పడ్డాక సాధారణంగా పద్దెనిమిది నెలలకి పేటెంట్ ఆఫీసే దాన్ని ప్రచురిస్తుంది. ఎలా చేయాలో అందులో పూర్తిగా రాయాల్సిందే. ఇరవై ఏళ్ల హక్కుకు బదులుగా సమాజం మన దగ్గర తీసుకునేది ఆ వివరమే.

ఈ వరస ఎంత పని చేస్తుందో, ఎంతలో తప్పిపోతుందో చెప్పే కథ ఒకటుంది. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో స్టాన్లీ కోహెన్, శాన్ ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హెర్బర్ట్ బోయర్ కలిసి ఒక జీవి జన్యువును ఇంకో జీవిలో పెట్టి పెంచే పద్ధతి కనిపెట్టారు. ఇవాళ్టి బయోటెక్నాలజీ అంతా దానిమీదే లేచింది. పేపర్ నవంబరులో వచ్చేసింది. పేటెంట్ ఆలోచన ఎవరికీ లేదు. 1974 మే నెలలో ఆ వార్త దినపత్రికలో చూసి స్టాన్‌ఫోర్డ్ లైసెన్సింగ్ ఆఫీసు నడిపే నీల్స్ రీమర్స్ ఫోన్ చేశారు. కోహెన్ మొదట ఒప్పుకోలేదు. ఇది ఎంతోమంది ముందు చేసిన పని మీద నిలబడింది, దీనికి పేటెంట్ ఏమిటి అన్నారు. నచ్చజెప్పేసరికి నెలలు గడిచాయి. ఏడాది గడువు ఇక రోజుల్లోకి వచ్చేసిందనగా 1974 నవంబరు 4న దరఖాస్తు పెట్టారు. అమెరికాలో హక్కు దక్కింది. మిగతా దేశాల్లో? పోయింది. పేపర్ ముందే వచ్చేసింది కదా.

ఆ తర్వాత వాళ్లు చేసిన పనే నాకు ఎక్కువ ఇష్టం. 1980లో పేటెంట్ వచ్చింది. ఒక్క కంపెనీకి రాసిచ్చేసి ఉంటే ఆ రంగమే ఒకరి చేతిలో ఉండిపోయేది. అలా చేయలేదు. అడిగిన ప్రతి కంపెనీకీ, అందరికీ అందే ఫీజుకి లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి, ఇచ్చారు. లాభం కోసం కాని పరిశోధకుల దగ్గర ఏమీ తీసుకోలేదు. 1997లో గడువు తీరేలోపు 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి. రెండు యూనివర్సిటీలకీ కలిపి 25 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి. పేటెంటు అంటే తలుపుకి తాళం అని మనం అనుకుంటాం. తాళంచెవి ఎవరికివ్వాలో నిర్ణయించే హక్కు కూడా అదే.

ఇన్సులిన్ సంగతి చాలామందికి తెలుసు. తెలిసినా ఒకసారి గుర్తు చేస్తాను. 1923లో, దాన్ని కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కొలిప్ తమ హక్కును టొరంటో యూనివర్సిటీకి తలా ఒక్క డాలరుకి రాసిచ్చారు. దాన్ని త్యాగం అని చెప్పి వదిలేస్తాం. త్యాగమే, కాదనను. కానీ అసలు పేటెంట్ ఎందుకు తీసుకున్నారు? ఊరికే వదిలేయొచ్చు కదా? వదిలేస్తే ఇంకెవరో వచ్చి తయారీ పద్ధతి మీద పేటెంట్ తీసుకుని అందర్నీ ఆపేయొచ్చు. నాణ్యత లేని మందు చేసి అమ్మినా అడిగే హక్కు ఎవరికీ ఉండదు. ఇంకొకరు గుత్తకి తీసుకోకుండా ఉండాలనే వాళ్లు తీసుకున్నారు. డాలరుకి ఇవ్వాలన్నా ముందు చేతిలో ఉండాలి కదా?

సరే, చేతిలో ఉండాలి. ఎవరి చేతిలో? ఇక్కడే పెద్ద చిక్కు.

ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇందులో మీలాంటి పరిశోధకుడే ఉన్నాడు. 1988లో ఒక యువ పరిశోధకుడు స్టాన్‌ఫోర్డ్‌లో చేరాడు. చేరిన రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. తన ఆవిష్కరణల హక్కును యూనివర్సిటీకి రాసిస్తానని ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. తర్వాత పీసీఆర్, అంటే కొద్దిపాటి డీఎన్ఏకి ఎన్నో కాపీలు తీసే పద్ధతి, నేర్చుకోడానికి సీటస్ అనే కంపెనీకి పంపించారు. లోపలికి వెళ్లాలంటే అక్కడ కూడా ఒక కాగితం. విజిటర్ ఫారం లాంటిది. సంతకం పెట్టాడు. అందులో, ఇక్కడ నేర్చుకున్నదాని వల్ల వచ్చే హక్కుల్ని కంపెనీకి రాసిస్తాను, ఇందుమూలంగా రాసిస్తున్నాను, అని ఉంది.

రాసిస్తాను, రాసిస్తున్నాను. విన్నారా? తేడా ఎంత? ఒక్క అక్షరం. మొదటిది మాట ఇవ్వడం. రెండోది ఇచ్చేయడం. తర్వాత ఆ పీసీఆర్ ఆధారంగా స్టాన్‌ఫోర్డ్‌లో రక్తంలో హెచ్ఐవీ ఎంత ఉందో కొలిచే పద్ధతి తయారైంది. సీటస్ పీసీఆర్ వ్యాపారాన్ని 1991లో రోష్ కంపెనీ కొనుక్కుంది. 2005లో ఆ కొలిచే పద్ధతి మీద హక్కు తనదంటూ స్టాన్‌ఫోర్డ్ రోష్ మీద కేసు వేసింది. ఆ కేసులో ఆ ఒక్క అక్షరం దగ్గర యూనివర్సిటీ ఓడింది. మాట ఇచ్చినవాళ్లకంటే ముందే రాయించుకున్నవాళ్లకి హక్కు వెళ్లిందని అప్పీలు కోర్టు చెప్పింది. 2011లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రభుత్వ డబ్బుతో జరిగిన పరిశోధన అయినంత మాత్రాన హక్కు దానంతటదే యూనివర్సిటీకి రాదు, ఆవిష్కరణ మొదట ఆవిష్కర్తదే, ఆయన రాసిస్తేనే ఇంకొకరిది.

ఆ కుర్రవాడు ఎవర్నీ మోసం చేయలేదు. పని నేర్చుకోడానికి వెళ్లాడు. గేటు దగ్గర కాగితం ఇస్తే సంతకం పెట్టాడు. మీరు చదువుతారా అలాంటి కాగితాలు? నిజం చెప్పండి. బయటి ల్యాబ్‌కి వెళ్లినప్పుడు, శాంపిల్స్ తెప్పించుకున్నప్పుడు, కంపెనీ స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు? ల్యాబులో పెంచే కణాలు, అదే సెల్ లైన్ ఒకటి, జన్యువుల్ని మోసే చిన్న డీఎన్ఏ, అదే ప్లాస్మిడ్ ఒకటి పార్సిల్‌లో వస్తే దాంతోపాటు ఒక ఒప్పందం కూడా వస్తుంది. దీంతో మీరు కనిపెట్టేదానిలో మాకూ హక్కుంటుందని అందులో ఒక లైను ఉండొచ్చు. ఆ లైను మీద మీ గైడు గానీ మీరు గానీ సొంతంగా సంతకం పెట్టకూడదు. ఆఫీసుకి పంపండి.

దేశాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. స్వీడన్‌లో ఇప్పటికీ హక్కు అధ్యాపకుడిదే. జర్మనీలో 2002 వరకు అలాగే ఉండేది, ఆ ఏడాది చట్టం మార్చి యూనివర్సిటీకి ఇచ్చారు, వచ్చే ఆదాయంలో 30 శాతం ఆవిష్కర్తకి ఇవ్వాలని పెట్టారు. చాలా చోట్ల ఉద్యోగి చేసిన ఆవిష్కరణ సంస్థదే. మరి విద్యార్థి ఉద్యోగా? ఫెలోషిప్ తీసుకుంటే ఏమవుతుంది? తీసుకోకపోతే ఏమవుతుంది? జవాబు మీ యూనివర్సిటీ మేధో సంపత్తి విధానంలో రాసి ఉంటుంది. ఇంటికెళ్లి అది చదవండి. ఎక్కువ ఉండదు, ఇరవై పేజీలు. మీ వాటా ఎంతో కూడా అందులోనే ఉంటుంది.

ఇక ఆవిష్కర్త అంటే ఎవరు? ఈ విషయంలో ల్యాబుల్లో స్నేహాలు చెడిపోవడం చూశాను. పేపర్లో పేరు వేరు, పేటెంట్‌లో పేరు వేరు. పేపర్లో సాయం చేసినవాళ్ల పేరు పెడతాం, మర్యాదకీ పెడతాం. పేటెంట్‌లో అలా కుదరదు. ఆ ఆలోచన ఎవరికి తట్టిందో, ఎవరు దాన్ని ఒక రూపానికి తెచ్చారో వాళ్లే. చెప్పిన ప్రయోగం చెప్పినట్టు చేసినవాళ్లు కారు. పరికరం కొనిపెట్టిన విభాగాధిపతి కారు. ఇందాక చెప్పిన 1973 పేపర్లో నాలుగు పేర్లున్నాయి, పేటెంట్‌లో రెండే. రెండువైపులా జాగ్రత్త కావాలి. ఉండకూడని పేరు పెట్టినా, ఉండాల్సిన పేరు వదిలేసినా పేటెంటే ప్రమాదంలో పడుతుంది. ఇక్కడ కూర్చున్న అధ్యాపకులకి చేతులు జోడించి చెబుతున్నాను, విద్యార్థికి తట్టిన ఆలోచన అయితే విద్యార్థి పేరు ఉండాల్సిందే. అది దయ కాదు. చట్టం.

నోట్‌బుక్ గురించి ఒక్కమాట. 2013 నుంచి అమెరికా కూడా ముందు దరఖాస్తు పెట్టినవాళ్లకే అనే పద్ధతికి వచ్చింది, ఇక నోట్‌బుక్ ఎందుకని కొందరు అడుగుతున్నారు. కావాలి. ఎవరికి ఎప్పుడు ఏం తట్టిందో, ఎవరి దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారో రేపు తగువు వస్తే మాట్లాడేది ఆ నోట్‌బుక్కే.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఉన్నారా? మీకు కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది. కానీ వేరేవాళ్లు అందరూ వాడుకునేలా తెరిచిపెట్టిన ఓపెన్ సోర్స్ కోడ్ కలిపితే దాని షరతులూ మీ కోడ్‌తో వస్తాయి. ఏ ఫైలు ఎక్కడిదో మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి. ఆ తర్వాత అందరికీ ఇచ్చేయాలనుకుంటే హాయిగా ఇవ్వండి. కోడ్‌ని ఎవరైనా వాడుకోనిచ్చే, బర్కిలీ యూనివర్సిటీ వాళ్ల బీఎస్‌డీ లైసెన్సు అలా వచ్చిందే.

చివరగా, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. హక్కు వచ్చాక ఏం చేస్తాం? 1980కి ముందు అమెరికా ప్రభుత్వం చేతిలో 28 వేల దాకా పేటెంట్లు ఉండేవనీ, వాటిలో 5 శాతం కూడా ఎవరూ వాడుకోలేదనీ చెబుతారు. అందుకే ఆ ఏడాది బే-డోల్ చట్టం తెచ్చి, హక్కును యూనివర్సిటీలే ఉంచుకునే వీలిచ్చారు. బీరువాలో పేటెంటు ఉండి లాభం లేదు, నిజమే. అలాగని వచ్చిన మొదటి కంపెనీకి మొత్తం రాసిచ్చేస్తే?

యేల్ యూనివర్సిటీలో ఏం జరిగిందో చూడండి. స్టావుడిన్ అనే మందు ఎయిడ్స్‌కి పనికొస్తుందని అక్కడి పరిశోధకులు కనిపెట్టారు. యూనివర్సిటీ ఒక్క కంపెనీకి, బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్‌కి, పూర్తి లైసెన్సు ఇచ్చింది. మందు మార్కెట్‌కి వచ్చింది, ప్రాణాలు నిలబెట్టింది. 2001 నాటికి దక్షిణాఫ్రికాలో లక్షలమంది ఆ రోగంతో ఉన్నారు, కొనే స్తోమత లేదు. చవక మందు తెప్పించుకోడానికి అనుమతించమని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవా సంస్థ యేల్‌కి ఉత్తరం రాసింది. లైసెన్సు కంపెనీకి ఇచ్చేశాం, మా చేతిలో లేదని యూనివర్సిటీ మొదట జవాబిచ్చింది. విద్యార్థులు ఊరుకోలేదు. మందు వెనకున్న ప్రొఫెసర్ విలియం ప్రూసాఫ్, అది పేదవాళ్లకి అందాలని బహిరంగంగా చెప్పారు. కొద్ది వారాల్లోనే కంపెనీ ధర బాగా తగ్గించి, అక్కడ పేటెంట్ పట్టుకుని ఎవరినీ ఆపబోమని ప్రకటించింది.

ప్రశ్న ఏమిటంటే, ఉత్తరం వచ్చేదాకా ఎందుకు ఆగాలి? లైసెన్సు రాసే రోజు బల్ల దగ్గర కూర్చున్నది ఎవరు? మనమే కదా? అప్పుడే రాయొచ్చు. ఇన్నేళ్లలోపు తయారు చేయకపోతే హక్కు వెనక్కి రావాలని రాయొచ్చు. ఫలానా రంగానికి మాత్రమే ఇస్తున్నాం, మిగతావి మావే అని రాయొచ్చు. పేద దేశాలకి అందే ధరకి ఇవ్వాలని రాయొచ్చు. మా ల్యాబులో, ఇతర యూనివర్సిటీల్లో పరిశోధనకి ఎప్పుడూ వాడుకుంటామని రాయొచ్చు. ఆ నాలుగు లైన్లూ ఉండాలని అడగాల్సింది మీరు. ఆఫీసు వాళ్లకి ఒప్పందాలు తెలుసు గానీ, మీరు కనిపెట్టింది రేపు ఎవరికి కావాల్సి వస్తుందో మీకంటే ఎక్కువ వాళ్లకి తెలియదు. ఆ మాట బల్ల దగ్గర మీ నోటితోనే రావాలి.

ఇక ప్రశ్నలు. మైకు ఇటునుంచి వస్తుంది. ఒక్క విషయం, దయచేసి ఇది మర్చిపోవద్దు. ఈ హాలు తలుపులు తెరిచే ఉన్నాయి, ఇదంతా రికార్డవుతోంది, ఎవరో టైపు చేసి నలుగురికీ పంపిస్తారు. కాబట్టి ప్రశ్న అడిగేటప్పుడు మీ ల్యాబులో ఇంకా బయటపెట్టని ఫలితం గురించి వివరాలు చెప్పకండి. అలాంటిది ఉంటే అయిపోయాక పక్కకి రండి. నేను ఇక్కడే ఉంటాను, అందరూ అడిగేదాకా ఉంటాను. ఊఁ, ఆ మూడో వరసలో చేయెత్తారు, మీరు చెప్పండమ్మా.